ముప్పై శాతం బడి

అమెరికాలో ప్రభుత్వ బడులన్నిటికీ ఏటా ఒక రిపోర్టు కార్డు వస్తుంది. పిల్లలకిచ్చేది కాదు, బడికే ఇచ్చేది. ఎంతమంది చదువుతున్నారు, వాళ్లెవరు, పరీక్షలెలా రాశారు, ఎందరు హైస్కూలు పూర్తిచేశారు అన్న వివరాలు అందులో ఉండాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. అక్కడ ఇల్లు కొనబోయే మన తెలుగువాళ్లు బెడ్రూములు లెక్కపెట్టకముందే చూసే స్కూలు రేటింగులు ఈ లెక్కల్లోంచి పుట్టినవే. పదికి తొమ్మిదా, ఎనిమిదా అని టెన్షన్ పడేది వాటి గురించే. ఆ జాబితాలో అట్టడుగున ఒక్కోసారి ఒక చిన్న హైస్కూలు కనిపిస్తుంది. పేరులో 'కంటిన్యుయేషన్' అనో 'ఆల్టర్నేటివ్' అనో ఉంటుంది. రేటింగు ఒకటో రెండో, లేదా అసలు ఉండనే ఉండదు. దాన్ని దాటేసి వేలు కిందికి జరిగిపోతుంది.

అలాంటి బడి ఒకటి కాలిఫోర్నియాలో ఉందని ఊహించుకుందాం. మొత్తం 88 మంది పిల్లలు. లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు 61 శాతం, పేద కుటుంబాల వాళ్లు 80 శాతం, స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమైనవాళ్లు 19 శాతం. తరచూ బడి మానేసేవాళ్లు 64 శాతం. లెక్కల పరీక్ష దగ్గర కొన్ని వరుసల్లో అంకెకు బదులు నక్షత్రం గుర్తు. నాలుగేళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు 30 శాతం. 2021-22లో దేశం మొత్తానికి ఈ రేటు 87 శాతం.

ఈ అంకెల్లో అబద్ధమేదీ లేదని అనుకుందాం. అయినా వాటిని చూసి ఆ బడి బాగా చెబుతోందో లేదో చెప్పలేం. చిన్నప్పుడు భిన్నాల పాఠంలో నేర్చుకున్న లవం, హారం అనే రెండు మాటలు గుర్తుంటే చాలు, ఎందుకు చెప్పలేమో తెలుస్తుంది. ఒక్కో శాతం కింద హారంలో ఎవరిని కూర్చోబెట్టారు, ఎప్పుడు కూర్చోబెట్టారు అని అడుగుతూ పోతే, ఈ రిపోర్టు కార్డులో సగం పక్కనున్న పెద్ద హైస్కూలు గురించేనని తేలుతుంది.

ఎవరొస్తారు, ఎక్కడినుంచి వస్తారు

'ఆల్టర్నేటివ్' అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు జాతుల బడులున్నాయి. ఒకటి, పిల్లలు కోరి చేరేది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన సిటీ-యాజ్-స్కూల్, రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో 1996లో మొదలైన మెట్ ఈ తరహావి. క్లాసురూముకి బదులు ఇంటర్న్‌షిప్పులు, పరీక్షలకు బదులు ప్రాజెక్టులు వీటి పద్ధతి. రెండోది, మామూలు హైస్కూల్లో వెనకబడినవాళ్లు చేరే బడి. కాలిఫోర్నియా కంటిన్యుయేషన్ స్కూళ్లు ఈ రెండో రకం. వాటి చరిత్ర 1919 నాటి చట్టం నుంచి మొదలవుతుంది. పనికి పోయే టీనేజి పిల్లలు వారానికి కొన్ని గంటలైనా చదవాలన్నది అప్పటి ఉద్దేశం. ఇప్పటికీ పదహారేళ్లు నిండినవాళ్లే అక్కడ చేరతారు, వారానికి కనీసం 15 గంటలు బడికి రావాలి. ఈ రెండు రకాల్నీ ఒకే గాటన కట్టి 'ఆల్టర్నేటివ్ స్కూళ్ల సగటు' అంటూ తీసే అంకె ఎవరికీ పనికిరాదు.

మన ఊహా బడి రెండో రకం. అక్కడికి వచ్చే పిల్లవాడి దారి తరచూ ఇలా ఉంటుంది. అమెరికా హైస్కూల్లో పాసవడమంటే క్రెడిట్లు, అంటే ఒక్కో కోర్సు పాసైతే వచ్చే పాయింట్లు కూడబెట్టడం. కాలిఫోర్నియాలో చాలా జిల్లాలు డిప్లొమాకు 200 పైచిలుకు క్రెడిట్లు అడుగుతాయి, అంటే ఏడాదికి 50, 60. పదో తరగతి ముగిసేసరికి 110 దాకా ఉండాల్సిన చోట వాడి దగ్గర 45 ఉంటాయి. అమ్మకు జబ్బు చేసి ఉండొచ్చు, రాత్రి షిఫ్టులో పనిచేస్తుండొచ్చు, రెండున్నర వేలమంది ఉన్న క్యాంపస్‌లోకి అడుగుపెట్టాలంటేనే గుండె దడ పుడుతుండొచ్చు. కౌన్సెలర్ పిలిచి, "ఇక్కడుంటే నీకు టైమ్ సరిపోదు" అని చిన్న బడి పేరు చెబుతారు. బిడ్డను కన్న అమ్మాయిలు, జువెనైల్ కోర్టు నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఫాస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం అప్పగించిన వేరే కుటుంబాల దగ్గర పెరుగుతూ ఇల్లు మారుతూ బడులు మారినవాళ్లు కూడా వస్తారు. 1987 నాటి మెకినీ-వెంటో చట్టం లెక్కన, గతిలేక ఇంకో కుటుంబం ఇంట్లో తలదాచుకుంటున్న పిల్లలు కూడా ఇల్లులేనివాళ్లే. అలాంటివాళ్లూ ఉంటారు.

అందరూ సెప్టెంబరులో రారు. మొదటి సెమిస్టర్ మార్కులు చూశాక జనవరిలో ఒక గుంపు, మార్చిలో ఇంకో నలుగురు వస్తారు. కాలిఫోర్నియాలో బడి జనాభా లెక్క మాత్రం అక్టోబరు మొదటి బుధవారం నాటిది. ఆ రోజు 88 మంది ఉన్న బడి గుండా ఏడాదిలో అంతకు రెట్టింపు మంది నడిచివెళ్లి ఉండొచ్చు. ఒక్క రోజు తీసిన ఫొటో చూసి సంవత్సరం గురించి మాట్లాడుతున్నామన్నమాట.

గడుల్లో మనుషులు

61 శాతం లాటినో అన్న అంకె ఎలా వచ్చిందంటే, అమెరికా బడులు రెండు ప్రశ్నలు అడుగుతూ వచ్చాయి. మొదటిది: హిస్పానిక్ లేదా లాటినోనా, కాదా? అవునంటే, రెండో ప్రశ్నలో జాతి ఏది రాసినా లెక్కలో అదే గడి. కాదంటేనే తెల్లజాతి, నల్లజాతి, ఆసియన్, అమెరికన్ ఇండియన్, పసిఫిక్ ద్వీపవాసి, రెండు లేక అంతకన్నా ఎక్కువ జాతులు అన్న గడుల్లోకి పోతారు. మొత్తం ఏడు. 2024లో ఫెడరల్ ప్రభుత్వం ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటి చేసింది గానీ, అది బడుల లెక్కల్లోకి దిగడానికి ఏళ్లు పడుతుంది.

ఈ గడులెంత వదులో మనకు బాగా తెలియాలి. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన తెలుగు పిల్లా, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ కుటుంబం పిల్లవాడూ ఇద్దరూ 'ఆసియన్'. ఆ గడి సగటు మార్కులు చూసి రెండో పిల్లవాడికి సాయం అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే, అందుకు మన పిల్లల మార్కులు కూడా కొంత కారణమే.

పేదరికం లెక్క ఇంకా తికమక. చాలాకాలం దీనికి కొలబద్ద మధ్యాహ్న భోజనం. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 130 శాతం లోపైతే ఉచితం, 185 శాతం దాకా తగ్గింపు ధర. అందుకు ఫారం నింపాలి. టీనేజి పిల్లలు సిగ్గుతో నింపరు, కాబట్టి హైస్కూళ్లలో పేదరికం ఉన్నదానికంటే తక్కువగా కనిపించేది. తర్వాత 2010 నాటి చట్టంతో, పేద పిల్లలు బాగా ఉన్న బడుల్లో ఫారాలు లేకుండా అందరికీ ఉచితంగా పెట్టే వీలొచ్చింది. కాలిఫోర్నియా 2022-23 నుంచి రాష్ట్రమంతా అందరికీ పెడుతోంది. కడుపులు నిండాయి, కొలబద్ద పోయింది. పైగా కాలిఫోర్నియా 'వెనకబడిన' గడిలో తల్లిదండ్రులిద్దరూ హైస్కూలు పూర్తిచేయని పిల్లలు కూడా ఉంటారు. ఇన్ని దారుల్లో చేరిన అంకె 80. దాన్ని వేరే రాష్ట్రపు 80తో పోల్చడం దండగ.

అయితే ఈ జనాభా అంకెల్ని పారేయమనడం లేదు నేను. వాటికి వేసే ప్రశ్న మార్చమంటున్నాను. 61 శాతం లాటినో, 30 శాతం గ్రాడ్యుయేషన్ పక్కపక్కన చూసినవాళ్లు మొదటిది రెండోదానికి కారణం అనేసుకుంటారు. నన్నడిగితే 61ని పక్కనున్న పెద్ద హైస్కూలు అంకెతో పోల్చాలి. అక్కడ లాటినోలు 40 శాతమే అయితే, ఆ బడిలోంచి బయటికి నడిచేవాళ్లలో వాళ్లే ఎందుకు ఎక్కువున్నారు? ఇది పంపినవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. సస్పెన్షన్ల విషయంలో ఫెడరల్ పౌరహక్కుల విభాగం సేకరించే లెక్కలు ఏళ్లుగా ఇలాంటిదే చూపిస్తున్నాయి. బడిలో నల్లజాతి పిల్లల వాటా ఎంతో, సస్పెండైనవాళ్లలో వాళ్ల వాటా అంతకంటే బాగా ఎక్కువ.

గడియారం ఆగదు

ఇక అసలు అంకె, 30 శాతం. 2008కి ముందు ఒక్కో రాష్ట్రం గ్రాడ్యుయేషన్ రేటును ఒక్కో రకంగా లెక్కగట్టేది. పన్నెండో తరగతి మొదట్లో ఉన్నవాళ్లలో చివరికి ఎందరు పాసయ్యారన్నదే చూస్తే ఎవరి బడైనా మెరుస్తుంది, అప్పటికే మానేసినవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి. ఈ గొడవ వద్దని 2008లో ఫెడరల్ విద్యాశాఖ అందరికీ ఒకే పద్ధతి పెట్టింది. దాంతో తీసిన మొదటి జాతీయ రేటు 2010-11లో 79 శాతం.

పద్ధతి ఇది. తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరిన పిల్లలు ఒక బ్యాచ్. మధ్యలో వేరే బడి నుంచి వచ్చినవాళ్లను బ్యాచ్‌లో కలపాలి. వేరే బడికి మారినట్టు కాగితం ఉన్నవాళ్లను, దేశం వదిలిపోయినవాళ్లను, చనిపోయినవాళ్లను తీసేయాలి. మిగిలినవాళ్లు హారం. నాలుగేళ్లలో మామూలు డిప్లొమా తీసుకున్నవాళ్లు లవం. బడి మానేసినవాళ్లు డిప్లొమాకు బదులు రాసే జీఈడీ పరీక్షతో సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్లు లవంలోకి రారు. వేరే రాష్ట్రం వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పినా, కాగితం లేకపోతే వాళ్లు హారంలో ఉండిపోతారు.

పాత పద్ధతులకంటే ఇది నిజాయితీ గల లెక్క. చిక్కల్లా 'కలపాలి, తీసేయాలి' అన్న చోటే. పదహారేళ్లప్పుడు 45 క్రెడిట్లతో వచ్చిన పిల్లవాడు కొత్త బడిలో చేరినా వాడి గడియారం తొమ్మిదో తరగతి నుంచే నడుస్తుంటుంది. రెండేళ్ల పని మిగతా రెండేళ్లలో చేయాల్సిన చోట మూడేళ్లకు పైగా పట్టే పని చేయాలి. చేయలేకపోతే ఆ తప్పు కొత్త బడి ఖాతాలో పడుతుంది.

అంకెలు పెట్టి చూద్దాం. పెద్ద హైస్కూల్లో 400 మంది బ్యాచ్. అందులో 360 మంది సమయానికి పూర్తిచేయగలవాళ్లు. రేటు 90 శాతం. మిగతా 40 మందిలో 20 మందిని పదకొండో తరగతిలో చిన్న బడికి పంపారు. ఇప్పుడు హారం 380. లవం అదే 360. రేటు 94.7. ఏ టీచరూ కొత్తగా ఏం చెప్పలేదు, ఏ పిల్లవాడూ కొత్తగా ఏం నేర్చుకోలేదు. చిన్న బడిలో ఆ 20 మందికి ఇంకోచోటి నుంచి వచ్చిన 10 మంది కలిసి 30 మంది బ్యాచ్ అయింది. సమయానికి 9 మంది పూర్తిచేశారు. అదే ఆ 30 శాతం. రెండు బడుల్నీ కలిపితే 410 మందిలో 369 మంది, అంటే మళ్లీ 90.

కానీ ఆ తొమ్మిదిమంది, పెద్ద బడిలోనే ఉండిపోయి ఉంటే బహుశా పూర్తిచేసేవాళ్లు కాదు. జిల్లా మొత్తంలో కొత్తగా ఎవరైనా గట్టెక్కారంటే అది ఈ బడిలోనే. చూడ్డానికి ముప్పై, జరిగింది మాత్రం తొమ్మిది డిప్లొమాలు. మిగిలిన 21 మందిలో 12 మంది ఐదో ఏడాది కూడా బడికొచ్చారనీ, వాళ్లలో 8 మంది పూర్తిచేశారనీ అనుకుందాం. ముగ్గురు జీఈడీ తెచ్చుకున్నారు. ఆరుగురు జాడ లేరు. ఐదేళ్ల రేటు తీస్తే 17 మంది, 57 శాతం. అదే పిల్లలు, అదే బడి, ఒక్క ఏడాది ఆగి చూస్తే అంకె దాదాపు రెట్టింపైంది. పెద్ద బడిలో ఏడాది ఆగితే ఒకటో రెండో పాయింట్లు కదులుతాయి, అంతే. అందుకే న్యూయార్క్ నగరం, వెనకబడిన పిల్లలు చేరే తన 'ట్రాన్స్‌ఫర్ స్కూళ్ల'కు ఆరేళ్ల రేటు చూస్తుంది. టెక్సస్ నాలుగు, ఐదు, ఆరేళ్ల రేట్లు మూడూ తీస్తుంది.

పెద్ద బడి ప్రిన్సిపాల్ మోసగాడని నా ఉద్దేశం కాదు. చాలాసార్లు పిల్లవాడి మేలు కోరే పంపుతారు. కాకపోతే, పంపితే తన అంకె పెరుగుతుందన్న సంగతి ఆయనకూ తెలుసు.

ఈ తిరకాసు చట్టం రాసినవాళ్లకు తెలియకపోలేదు. 2015 డిసెంబరులో ఒబామా సంతకం చేసిన 'ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్' చట్టం, మూడింట రెండొంతుల మందిని కూడా గ్రాడ్యుయేట్ చేయలేని హైస్కూళ్లను ప్రత్యేక మెరుగుదల జాబితాలో పెట్టమంటుంది. అలా పెడితే క్రెడిట్లు కూడబెట్టించే బడులు దాదాపు అన్నీ అందులోకి వస్తాయి. అందుకని చదువు ఆపేసి తిరిగొచ్చినవాళ్లకూ, బాగా వెనకబడినవాళ్లకూ పాఠాలు చెప్పే బడుల విషయంలో వేరే తరహా చర్యలకు వీలిచ్చింది. అలాంటి బడిలో వందమంది కంటే తక్కువుంటే అసలు చర్యలే మినహాయించవచ్చు. సగం ఏడాదైనా ఒకే బడిలో లేకుండా చదువు మానేసిన పిల్లవాణ్ని, ఎక్కువకాలం చదివిన బడి ఖాతాలో గానీ, చివరి బడి ఖాతాలో గానీ రాయొచ్చు. ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటే చిన్న బడి అంకె అలా మారిపోతుంది. కాలిఫోర్నియా ఇంకో మెట్టు దిగి, కనీసం 70 శాతం పిల్లలు తీవ్ర ఇబ్బందుల్లో ఉన్న బడులకు, రాష్ట్రం బడుల పనితీరు చూపే డ్యాష్‌బోర్డులో విడిగా ఒక హోదా ఇచ్చింది.

తరచూ బడి మానేసేవాళ్ల 64 శాతం గురించి ఒక్క మాట. పదో వంతు రోజులు మానితే ఆ గడిలో పడతారు. ఏడాదంతా ఉన్న పిల్లవాడికి 180లో 18 రోజులు. జనవరిలో చేరి 40 రోజులు చదివి ఇల్లు మారిపోయిన పిల్లకు నాలుగు రోజులు చాలు. పోయిన ఏడాది సగం రోజులు మానేసిన పిల్లవాడు ఈ ఏడాది ఐదో వంతు మాత్రమే మానితే, ఇంట్లో పండగ చేసుకుంటారు. రిపోర్టు కార్డులో మాత్రం వాడు రెండేళ్లూ అదే గడిలో ఉంటాడు.

పరీక్షలు, ఒక్కో పిల్ల బరువు

లెక్కల పరీక్ష హైస్కూల్లో ఒక్కసారే, కాలిఫోర్నియాలోనైతే పదకొండో తరగతి వసంతంలో. అంటే ఫిబ్రవరిలో చేరిన అమ్మాయి ఏప్రిల్‌లో రాసిన పరీక్ష, ఎనిమిది వారాల బడికీ, పదేళ్ల పాత బడులకీ కలిపి మార్కు. దానికి తోడు 95 శాతం నియమం ఉంది. మన బడిలో పదకొండో తరగతి పిల్లలు 24 మంది, పరీక్ష నాడు వచ్చింది 14 మంది, ప్రమాణం అందుకున్నది ఐదుగురు అనుకోండి. రాసినవాళ్లలో 36 శాతం. కానీ హారం కనీసం మొత్తం పిల్లల్లో 95 శాతం ఉండాలని చట్టం. 24లో 95 శాతమంటే 23 అనుకుందాం. ఐదును 23తో భాగిస్తే 22 శాతం. రానివాళ్లు దాదాపు తప్పినట్టే లెక్క. ఈ నియమం ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవచ్చు. లేకపోతే చదువు రాని పిల్లల్ని పరీక్ష రోజు ఇంట్లో ఉండమనే బడులు పుట్టుకొస్తాయి. కానీ హాజరే పెద్ద సమస్యగా ఉన్న బడి మీద ఈ దెబ్బ బలంగా పడుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ సర్దేసినా ఇంకొకటి మిగులుతుంది, అది కేవలం చిన్నదనం వల్ల వచ్చేది. 30 మంది బ్యాచ్‌లో ఒక్క పిల్ల 3.3 శాతం. పూర్తిచేయబోయే ముగ్గురు పిల్లలు బడి మారినట్టు కాగితం లేకుండా వేరే ఊరు వెళ్లిపోతే బడి 'పది పాయింట్లు పడిపోయింది' అని వార్త రాయొచ్చు. మరుసటి ఏడాది నలుగురు అదనంగా పూర్తిచేస్తే 'అద్భుతమైన ప్రగతి'. గణాంక నిపుణుడు హోవర్డ్ వైనర్ పెన్సిల్వేనియాలోని 1,662 బడుల మార్కులు తీసి చూస్తే, అత్యుత్తమమైన 50లో ఆరు బడులు రాష్ట్రంలోకెల్లా చిన్నవైన 50లోవే. చిన్న బడులు గొప్పవనిపించింది కదా. అట్టడుగు 50లో కూడా ఆయన చూశారు. అక్కడ చిన్నవి తొమ్మిది. తక్కువమంది ఉన్నచోట సగటు ఊగుతుంది, పైకీ కిందికీ కూడా. దీన్ని గమనించకుండా అమెరికాలో చిన్న బడులు పెట్టాలన్న ఉద్యమం మీద చాలా డబ్బు ఖర్చయింది. ఇందులో గేట్స్ ఫౌండేషన్ డబ్బు పెద్దభాగం.

నక్షత్రాలు ఉన్నది కూడా చిన్నదనం వల్లే. ఒక వరుసలో పదిమందో అంతకు తక్కువో ఉంటే కాలిఫోర్నియా ఆ అంకె దాచేస్తుంది. 1974 నాటి విద్యార్థి గోప్యత చట్టం దీనికి మూలం. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఇద్దరే ఉంటే, 'సున్నా శాతం' అని అచ్చేయడమంటే ఆ ఇద్దరి మార్కులూ గోడకి అంటించడమే. కొన్నిసార్లు రెండో వరుస కూడా దాచాల్సి వస్తుంది, లేకపోతే మొత్తంలోంచి తీసివేసి కనుక్కోవచ్చు. ఫలితం ఏమిటంటే, ఏ పిల్లల గురించి మనం ఎక్కువ ఆందోళన పడాలో, చిన్న బడిలో వాళ్ల వరుసే ఖాళీగా ఉంటుంది.

ఇంత చెప్పాక ఇలాంటి బడులన్నీ మంచివేనని అనిపించవచ్చు. అలా అనుకోవడం కూడా పొరపాటే. కాలిఫోర్నియా రాష్ట్రం చట్టంలో పెట్టిన కనీసం 13 ఏడాది కోర్సులు, అంటే 130 క్రెడిట్లే. కొన్ని జిల్లాలు పెద్ద బడిలో 220 అడిగి, కంటిన్యుయేషన్ బడిలో అంతకంటే బాగా తక్కువతో డిప్లొమా ఇస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మూడు వారాల్లో ఒక సెమిస్టర్ 'పూర్తి' చేయించే చోట్లున్నాయి. సైన్సు ల్యాబు లేక, రెండో భాష లేక, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అడిగే కోర్సుల వరుస పూర్తిచేయడం చాలా బడుల్లో కుదరదు. బాగా చెప్పని బడి కూడా "మా పిల్లలు వేరండీ" అని అదే గొడుగు కింద నిలబడుతుంది. 30 శాతాన్ని చూసి మంచి బడినీ చెడ్డ బడినీ విడదీయలేం. నాకు అన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే.

విడదీయగల అంకెలు వేరే ఉన్నాయి. చాలా బడులు వాటిని రాసుకుంటాయి కూడా. చేరిన రోజు పిల్లవాడి దగ్గర ఎన్ని క్రెడిట్లు? పాత బడిలో సెమిస్టరుకు 12 తెచ్చుకున్నవాడు ఇక్కడ 35 తెచ్చుకుంటున్నాడా? చేరకముందు హాజరెంత, చేరాక ఎంత? తొంభై రోజులు దాటి నిలబడినవాళ్లెందరు? వెళ్లిపోయినవాళ్లు ఎక్కడికి వెళ్లారో ఎవరైనా ఫోన్ చేసి కనుక్కున్నారా? వీటిలో ఏదీ పిల్లల జాతినిబట్టో, తల్లి ఆదాయాన్నిబట్టో ముందే నిర్ణయమైపోయేది కాదు. అదే పిల్లవాణ్ని నిన్నటి వాడితోనే పోల్చుతున్నాం.

పెద్ద హైస్కూలు రిపోర్టు కార్డులోనూ ఒక వరుస ఉండాలి: ఈ బ్యాచ్‌లోంచి ఆల్టర్నేటివ్ బడులకు పంపినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరు పూర్తిచేశారు. స్కూలు బోర్డు మీటింగులో ఓపిగ్గా అడిగితే కొన్ని జిల్లాలు చెబుతాయి. 94.7 అని పెద్దక్షరాలతో వేసిన పేజీలో మాత్రం ఆ ఇరవైమందికి వరుస లేదు.